చచ్చిన కణాలకి మిషనెందుకు అంటున్న నాన్న

ప్రశ్న:

డాక్టరు గారూ, నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లె. మా నాన్నకి 54 ఏళ్లు. ఇరవై రెండేళ్లు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టారు, ఇప్పుడు అక్కడే పని చూసుకుంటున్నారు. ఆయన గురక నా చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఈ మూడేళ్లలో మాత్రం గురక మధ్యలో ఊపిరి ఆగిపోవడం, ఉలిక్కిపడి లేవడం మొదలైంది. పొద్దున లేస్తూనే తలనొప్పి, రోజూ మెడికల్ షాపు బిళ్ల. పగలు కునికిపాట్లు. అంబలి తాగుతున్నా పొలమారుతోంది. విశాఖపట్నంలో స్లీప్ స్టడీ చేయిస్తే గంటకి 38 సార్లు ఊపిరికి అడ్డు పడుతోందని, ఆక్సిజన్ 74 శాతం దాకా దిగిపోతోందని, జబ్బు పేరు స్లీప్ ఆప్నియా అని రిపోర్టు వచ్చింది. అప్పు చేసి, రాత్రి మాస్క్‌లోంచి గాలి ఊదే సీపాప్ మిషన్ కొన్నాం. నెల రోజులు పెట్టుకున్నారు. అంతలో మా చిన్నాన్న ఫోన్లో ఒక వీడియో చూపించారు. ఈ జబ్బులో గొంతు కండరాల కణాలు చచ్చిపోతాయట. "చచ్చినవి ఎలాగూ లేవవు, ఇక ఈ గొట్టం ఎందుకు?" అని నాన్న మిషన్‌ని మంచం కిందకి తోసేశారు. రాత్రిళ్లు అమ్మ పక్కన కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెడుతోంది. కణాలు చచ్చిపోవడం నిజమేనా? శంఖం ఊదితే తగ్గిపోతుందని కూడా ఎవరో చెప్పారు. మీ అమ్మాయే అడిగిందనుకుని చెప్పండి.

ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

తల్లీ, ముందు ఒక పని చెయ్యి. మంచం కింద ఉన్న ఆ మిషన్ బయటికి తీసి, దుమ్ము తుడిచి, మాస్క్ కడిగి ఆరబెట్టు. ఈ రాత్రికి అది కావాలి. తర్వాత తీరిగ్గా కూర్చుని ఇది చదువు. వీలైతే మీ నాన్నకి వినిపించు.

వీడియోలో చెప్పింది పచ్చి అబద్ధమైతే నాకు రెండు ముక్కల్లో పని అయిపోయేది. అందులో నిజం ఉంది. ఆ నిజంలోంచి మీ నాన్న తీసిన లెక్క మాత్రం తప్పింది. రాళ్ల మధ్య ఇరవై రెండేళ్లు గడిపిన మనిషికి పగిలిన రాయి మళ్లీ అతుక్కోదని తెలుసు. అదే లెక్క గొంతుకీ వేశారు. కండ అలా కాదమ్మా. ప్రాణమున్న కండ రోజూ చిరుగుతుంది, రోజూ అతుక్కుంటుంది. ఈ జబ్బులో గొడవంతా చిరుగు ముందుకి, అతుకు వెనక్కి పడడం దగ్గర ఉంది.

మొదట ఆ గొంతు ఎలా ఉంటుందో చూద్దాం. ముక్కుకి ఎముక ఆసరా ఉంది. ఊపిరిగొట్టానికి మృదులాస్థి ఉంగరాలు ఉన్నాయి. రెండింటి మధ్య, అంగిలి వెనకనుంచి నాలుక మొదలు దాకా ఉన్న జానెడు లోపు దారికి మాత్రం అలాంటి ఆసరా ఏదీ లేదు. అది మెత్తని గొట్టం. దాన్ని తెరిచి పట్టుకునేవి కండరాలే. వాటిలో పెద్దది నాలుకలోనే ఉంది, పేరు జీనియోగ్లాసస్. గడ్డం ఎముక లోపలివైపు మొదలై, విసనకర్రలా విచ్చుకుని నాలుకలోకి పోతుంది. అద్దం ముందు నిలబడి నాలుక బయటపెట్టు, ఆ పని చేసింది అదే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అది రవ్వంత బిగిసి నాలుకని ముందుకి లాగి దారి ఇస్తుంది.

మీ నాన్నలాంటి వాళ్లకి ఆ దారి పుట్టుకతోనో, మెడ చుట్టూ చేరిన కొవ్వువల్లో ఇరుగ్గా ఉంటుంది. ఇరుకుని సరిదిద్దడానికి ఆ కండరం పగలు కూడా మామూలు మనిషి కండరం కంటే ఎక్కువ బిగువుతో పనిచేస్తుంది. మెలకువలో ఎవరికీ ఏమీ తెలియదు. నిద్ర పట్టగానే మెదడు ఆ బిగువు సడలిస్తుంది, దారి మూసుకుంటుంది. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి నిమిషం. ఆక్సిజన్ దిగుతుంది, మెదడు తుళ్లిపడుతుంది, గొంతు గుర్రుమని తెరుచుకుంటుంది. మళ్లీ నిద్ర, మళ్లీ మూత. గంటకి 30 దాటితే తీవ్రం అంటాం. గంటకి 38 అంటే ఆరు గంటల నిద్రలో 228 సార్లు. ఆ 228 సార్లూ దెబ్బ తినేది ఆ కండరాలే. ఆ దెబ్బ మూడు విధాలుగా తగులుతుంది.

ఒకటి అదురు. ఇది మీ నాన్నకి నాకంటే బాగా తెలిసిన సంగతి. ఒక మాట అడుగు ఆయన్ని: చొక్కా గుండీ పెట్టుకుంటుంటే వేళ్లకి గుండీ తెలుస్తోందా? పొద్దున్నే వేళ్ల చివర తిమ్మిరి ఉంటోందా? ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టిన చేతుల్లో సన్న నరాల కొసలు, రక్తనాళాలు, కండలు దెబ్బతింటాయి. నా దగ్గరికి వచ్చే క్వారీ మనుషుల్లో కొందరు రూపాయి బిళ్లనీ రెండు రూపాయల బిళ్లనీ జేబులోనే తడిమి తేడా చెప్పలేరు. గురక కూడా అదురే. అంగిలి, కొండనాలుక రాత్రంతా కొట్టుకుంటూ ఉంటాయి, ఏళ్ల తరబడి. స్వీడన్‌లో పరిశోధకులు గురక మనుషుల అంగిలి నుంచీ కొండనాలుక నుంచీ చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే సన్న నరాలు పలచబడి కనిపించాయి. కండర పోగులు కొన్ని పీలగా, కొన్ని లావుగా, ఒకే రకంవి గుంపులు కట్టి ఉన్నాయి. నరం పోయిన పోగుని పక్క నరం వచ్చి అందుకున్నప్పుడు కండలో మిగిలే ఆనవాలు అది. డ్రిల్లు చేతికి చేసేదీ, గురక గొంతుకి చేసేదీ ఒకే తీరు అని వాళ్లకీ తోచింది.

రెండోది లాగుడు. నూతిలోంచి నిండు చేద తోడుతున్నావనుకో. నువ్వు పైకి లాగుతుంటే తాడు కిందకి జారింది. అరచేతులు ఎలా ఒరుసుకుపోతాయి? మామూలుగా తోడినప్పుడు లేని దెబ్బ, లాగుతుండగా జారినప్పుడు తగులుతుంది. కండకీ అంతే. బిగిసి ఉన్న కండని బలవంతంగా సాగదీస్తే పోగులు చిట్లుతాయి. గొంతు మూసుకున్నప్పుడు ఛాతీ బలమంతా పెట్టి గాలి లాగుతుంది, ఆ లాగుడికి గొంతు గోడలు లోపలికి పోతాయి, నాలుక కండరం వాటిని బయటికి ఈడుస్తూ ఉంటుంది. రాత్రికి రెండు వందల సార్లు తాడు జారుతోంది.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు ఒక కుక్క దగ్గర దొరికింది. ఇంగ్లిష్ బుల్‌డాగ్ అని, ముఖం నొక్కేసినట్టు ఉంటుంది. దానికి పుట్టుకతోనే గొంతు ఇరుకు, నిద్రలో అచ్చం మనిషిలాగే ఊపిరి ఆగుతుంది. 1990లలో దాని గొంతు కండలనీ కాలి కండలనీ పక్కపక్కన పెట్టి చూశారు. కాలి కండ శుభ్రంగా ఉంది. గొంతు కండలో పాడైన పోగులు, వాటి సందుల్లో పీచు. ఒకే కుక్క, ఒకే రక్తం, ఒకే తిండి. పని ఎక్కడ ఎక్కువ పడిందో అక్కడే దెబ్బ.

మూడోది ఆక్సిజన్ ఎక్కుతూ దిగుతూ ఉండడం. మీ నాన్నకి 74 దాకా దిగింది కదా, ఆయన వెంటనే గుర్రుమని ఊపిరి తీస్తే మళ్లీ పైకి పోతుంది. దిగడం ఒక్కటే హాని అనుకుంటారు. ఎక్కడంలోనూ హాని ఉంది. ఆరిపోబోతున్న కట్టెల పొయ్యిని గొట్టంతో ఒక్కసారి ఊదితే నిప్పురవ్వలు ఎలా లేస్తాయి? ఆకలిమీద ఉన్న కణానికి ఆక్సిజన్ ఒక్కసారి అందితే లోపల అలాంటి రవ్వలు లేస్తాయి, ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి ముందు కణంలోని మైటోకాండ్రియాలకి తగులుతాయి. కణానికి బలం తయారయ్యేది అక్కడే.

ఇక్కడికి మీ చిన్నాన్న వీడియో వస్తుంది. మైటోకాండ్రియా దెబ్బతిని, దానిలో ఉండాల్సిన సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి కారితే, కాస్పేజ్ అనే ఎంజైములు మేలుకుని కణాన్ని లోపలినుంచి ముక్కలు చేసి సర్దేస్తాయి. దీన్ని అపోప్టోసిస్ అంటారు. 1972లో ముగ్గురు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు, చెట్టునుంచి ఆకు రాలడానికి గ్రీకు మాట. ఇది జబ్బు పేరు కాదు తల్లీ, ఒంట్లో రోజూ జరిగే పనే. కడుపులో బిడ్డ చెయ్యి మొదట బాతు పాదంలా పొరతో ఉంటుంది. ఆ పొరలోని కణాలు ఇలా రాలిపోతేనే వేళ్లు విడివడతాయి. ఆకు రాలాల్సిన వేళకన్నా ముందే, రాలాల్సినన్నింటికన్నా ఎక్కువ రాలితేనే చెట్టుకి చేటు.

ఎలుకల్ని పెట్టెల్లో ఉంచి, లోపలి గాలిలో ఆక్సిజన్‌ని వారాల తరబడి తగ్గిస్తూ పెంచుతూ పోతే, వాటి నాలుక కండరంలో ఇలా రాలిపోయే కేంద్రకాలు, అంటే కణాన్ని నడిపించే గుళికలు, పెరిగాయి. వీడియోలో విన్న "కణాల చావు" ఎక్కువ భాగం ఇలాంటి ప్రయోగాలనుంచి వచ్చిన మాటే. మనుషుల గొంతులోంచి తీసిన ముక్కల్లో ఎక్కువగా కనిపించింది నరాలు పలచబడడం, వాపు, పోగుల ఆకారం మారడం, సందుల్లో పీచు చేరడం. కండరం మొత్తంగా చచ్చి పడి ఉన్న గొంతుని నేనైతే చూడలేదు. మీ నాన్న మాట్లాడుతున్నారు, అన్నం తింటున్నారు, నిన్ను కేకేస్తున్నారు. అవన్నీ ఆ కండరాలు చేస్తున్న పనులే.

ఇప్పుడు అసలు మాట. మామూలు కణానికి కేంద్రకం ఒకటి. అది పోతే కణం పోయినట్టే. కండర పోగు అలాంటిది కాదు. పొడవాటి ఒక్క పోగులో వందల కేంద్రకాలు వరుసగా కూర్చుని, ఒక్కోటి తన చుట్టుపక్కల భాగాన్ని చూసుకుంటాయి. ఒక కేంద్రకం రాలిపోతే ఆ పోగు చావదు, ఆ చోట కాస్త సన్నబడుతుంది. పైగా పోగు అంచుని అంటిపెట్టుకుని శాటిలైట్ కణాలు ఉంటాయి. వాటిని 1961లో కనుక్కున్నారు. మామూలు రోజుల్లో అవి నిద్రపోతూ ఉంటాయి. దెబ్బ తగిలితే లేచి, రెండవుతాయి, నాలుగవుతాయి, వెళ్లి పోగులో కలిసి కొత్త కేంద్రకాలవుతాయి. చచ్చినవి లేవవు అన్న మీ నాన్న మాట నిజమే. వాటి చోటులోకి కొత్తవి వస్తాయన్న సంగతి ఆ వీడియో ఆయనకి చెప్పలేదు.

పొందూరు మీకు దూరమేమీ కాదు. ఎప్పుడైనా మగ్గం దగ్గర నిలబడి చూశావా? పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గం ఆపి, రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి అతికి, మళ్లీ మొదలుపెడతాడు. రోజులో ఎన్ని పోగులు తెగుతాయో ఆయన లెక్కైనా పెట్టుకోడు. పంచె పంచెలాగే దిగుతుంది. అదే మగ్గంలో ఎవరైనా చెయ్యి పెట్టి నిమిషానికి ఒకటి తెంపుతూ కూర్చుంటే? నేతగాడు ఎంత నేర్పరైనా అతకలేడు, చివరికి బట్టకి కన్నం పడుతుంది. మీ నాన్న గొంతులో నేతగాడు బతికే ఉన్నాడు. తెంపే చెయ్యి ఆగాలి. మిషన్ చేసేది ఆ ఒక్క పనే.

మిషన్ అంటే ఆక్సిజన్ పోసేదని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఊదేది మామూలు గాలే. 1981కి ముందు ఈ జబ్బు ముదిరితే మెడకి కన్నం పెట్టడం తప్ప గట్టి వైద్యం లేదు. ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే వైద్యుడు వాక్యూమ్ క్లీనర్ మోటారుని తిరగేసి, పీల్చేదాన్ని ఊదేదిగా మార్చి, ముక్కులోంచి గాలి ఒత్తిడి పంపితే గొంతు మూతపడడం ఆగింది. విరిగిన చేతికి వెదురు బద్దలు కట్టినట్టు, ఇది గొంతుకి లోపలినుంచి కట్టిన గాలి బద్ద. కట్టు ఎముకని అతకదు కదా. కదలకుండా పట్టుకుంటే ఎముకే అతుక్కుంటుంది. నాన్నతో ఈ మాట అను, క్వారీలో చేతులు విరిగినవాళ్లని ఆయన చూసే ఉంటారు. ఒక తేడా మాత్రం దాచకుండా చెప్పు: చేతి కట్టు ఆరు వారాల్లో విప్పుతారు, దీన్ని విప్పరు. కండ కోలుకున్నా దారి ఇరుకు అలాగే ఉంటుంది కాబట్టి రోజూ రాత్రి పెట్టుకోవాల్సిందే.

కండ నిజంగా కోలుకుంటుందా అని ఆయన అడుగుతారు. అడగాలి కూడా. 1999లో స్పెయిన్ పరిశోధకులు ఈ జబ్బు ఉన్నవాళ్ల నాలుక కండరం ముక్కల్ని బయట పెట్టి పని చేయించి చూశారు. వైద్యం లేనివాళ్ల కండ త్వరగా అలిసిపోయింది. సీపాప్ వాడుతున్నవాళ్ల కండ మామూలు మనుషుల కండతో సమంగా నిలబడింది. 2001లో కెనడాలో గొంతు స్పర్శ కొలిచారు. ఆరు నెలలు మిషన్ వాడాక స్పర్శ కొంత తిరిగి వచ్చింది, పూర్తిగా రాలేదు. నరాల సంగతి అంతే, అవి కండకన్నా నెమ్మది. అందుకే ఈరోజు మొదలుపెట్టిన దానికీ రెండేళ్ల తర్వాత మొదలుపెట్టిన దానికీ తేడా ఉంటుంది. ఇంకొకటి. 2014లో నాలుక నరానికి చిన్న కరెంటు ఇచ్చే పరికరాన్ని 126 మందికి ఛాతీ చర్మం కింద అమర్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో గంటకి 29 దగ్గర ఉన్న లెక్క 9కి దిగింది. చచ్చిపోయిన కండకి కరెంటు ఇస్తే కదలదు కదమ్మా. వాళ్ల నాలుకలు కదిలాయి. ఆ పరికరం ఖరీదైనది, మీ నాన్నకి అవసరం లేదు. ఏళ్ల తరబడి జబ్బు పడిన కండరం కూడా పిలిస్తే పలుకుతుందని చెప్పడానికే దాని ఊసెత్తాను.

అంబలి తాగుతుంటే పొలమారుతోంది అన్నావు. ఇంట్లో ఏమంటారు? ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తడతారు. ఎప్పుడో ఒకసారైతే తట్టి ఊరుకోవచ్చు. రోజూ పొలమారుతుంటే అది గొంతు చెబుతున్న మాట. గురక మనుషుల్లో మింగడం తెలియకుండానే కాస్త గాడి తప్పుతుందని స్వీడన్ పరిశోధనల్లోనే బయటపడింది. గొంతుకి స్పర్శ తగ్గితే అంబలి ఎక్కడిదాకా వచ్చిందో దానికి తెలియదు. అయితే ఈ వయసులో పొలమారడానికి వేరే కారణాలూ ఉంటాయి, చిన్న పక్షవాతం దగ్గరనుంచి గొంతులో గడ్డ దాకా. కాబట్టి గురక మీదే తోసెయ్యకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకి ఒకసారి చూపించండి. ఈలోపు కూర్చుని, గడ్డం కాస్త కిందకి వంచి, చిన్న గుక్కలు తాగమను. క్వారీ దుమ్ములో ఇరవై రెండేళ్లు ఉన్నారు కాబట్టి అదే రోజు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. గొంతు సంగతి చూస్తూ ఊపిరితిత్తుల్ని మర్చిపోకూడదు.

నీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఆ మెడికల్ షాపు బిళ్ల. మీది ఉద్దానం పక్క ఊరు. కిడ్నీలు పోయినవాళ్లు ఏ వీధిలో ఎంతమందో నీకు నేను చెప్పాలా? నొప్పి బిళ్లల్లో చాలా రకాలు, రోజూ మింగితే, కిడ్నీలకి చేటు. పొద్దున తలనొప్పి రావడానికి కారణం చాలామటుకు రాత్రి ఆగిన ఊపిరే. గాలి బయటికి పోక కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే తల పట్టేస్తుంది. ఈ నొప్పికి మందు రాత్రి పెట్టుకునే మాస్కే. ఆ బిళ్లలు రేపటినుంచి ఆపించు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క), షుగర్, వాటితోపాటు బీపీ చూపించండి. ఊపిరి ఆగే జబ్బు బీపీని పెంచుతుంది, బీపీ కిడ్నీని తింటుంది.

శంఖం సంగతి. నవ్వి కొట్టిపారేయను, దాన్లో విషయం ఉంది. 2025లో జైపూర్ వైద్యులు మధ్యస్థ స్థాయి జబ్బున్న 30 మందితో ఒక చిన్న అధ్యయనం చేశారు. వాళ్లలో కొందరి చేత ఆరు నెలలపాటు, వారానికి ఐదు రోజులు, పావుగంట చొప్పున శంఖం ఊదించారు. ఊపిరికి అడ్డు పడడం గంటకి నాలుగైదు సార్లు తగ్గింది. బ్రెజిల్‌లో 2009లో నాలుక, అంగిలి వ్యాయామాలు మూడు నెలలు చేయిస్తే గంటకి 22 ఉన్న లెక్క 14 దగ్గరికి వచ్చింది. అది కూడా మధ్యస్థ స్థాయివాళ్లలోనే. మీ నాన్న 38లోంచి ఐదు తీసినా 33, అది తీవ్రమే. ఊదాలని ఉంటే శ్రీముఖలింగేశ్వరుడి పేరు చెప్పుకుని పొద్దున ఊదమను, రాత్రి మాస్క్ పెట్టుకోమను. శంఖం లేకపోయినా నాలుకకి పని చెప్పొచ్చు. నాలుక కొసని పై పళ్ల వెనక ఆనించి అంగిలి వెంట వెనక్కి జార్చడం, నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించి పీల్చి పట్టడం, నోరు తెరిచి కొండనాలుక పైకి లేచేలా "ఆ" అనడం. పళ్లు తోముకునే వేళ ఇరవైసార్లు చొప్పున చేస్తే చాలు. బరువు ఎక్కువుంటే తగ్గించడం కూడా బాగా పనికొస్తుంది. పదో వంతు బరువు తగ్గితే ఈ లెక్కలోంచి నాలుగో వంతు దాకా పోతుంది. రాత్రి మద్యం తాగే అలవాటుంటే అది పూర్తిగా మానాలి. మద్యం, నిద్రమాత్రలు అసలే సడలిన గొంతుని ఇంకా సడలిస్తాయి.

ఇక మిషన్ మానెయ్యడానికి వీడియో ఒక సాకు అయి ఉండొచ్చు తల్లీ. నెల రోజులు పెట్టుకున్న మనిషికి ఎక్కడో ఇబ్బంది ఉండే ఉంటుంది. మెల్లగా అడుగు. ముక్కు దూలం మీద ఒరుసుకుంటోందా, గాలి పక్కనుంచి కారి కళ్లలో కొడుతోందా, నోరు ఎండిపోతోందా, ముసుగేసినట్టు ఊపిరాడక భయమేస్తోందా. ప్రతిదానికీ దారి ఉంది. ఒరుసుకుంటే కుషన్ సైజు మార్పించాలి, పట్టీలు బిగిస్తే ఇంకా కారుతుంది. నోరు ఎండితే నీళ్ల డబ్బా ఉన్న మిషన్లో డిస్టిల్డ్ వాటర్ పోసి వాడాలి, నోరు తెరిచి పడుకునేవాళ్లకి ముక్కూ నోరూ కప్పే మాస్క్ ఉంటుంది. భయమేస్తే పగలు టీవీ చూస్తూ పావుగంట పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. మీ దగ్గర దుమ్ము ఎక్కువ కాబట్టి ఫిల్టర్ వారం వారం చూడు. ఒత్తిడి ఎంత పెట్టారో మీ అంతట మీరు మార్చకండి. మిషన్ ప్రతి రాత్రి లెక్క రాసుకుంటుంది, అది పట్టుకుని స్లీప్ స్టడీ చేసిన డాక్టరు దగ్గరికి వెళ్లండి. కనీసం నాలుగు గంటలన్నా, వారంలో ఐదు రాత్రులన్నా పెట్టుకుంటే మొదట్లో చాలనుకుంటాం. తర్వాత రాత్రంతా.

కరెంటు మాట మీ ఊళ్లో తప్పదు. తిత్లీ తుపాను వచ్చిన 2018లో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద నడుస్తుందేమో అమ్మినవాళ్లని అడిగి పెట్టుకోండి. లేని రాత్రుల్లో వెల్లకిలా పడుకోనివ్వకండి. పాత బనియన్ వీపు మీద జేబు కుట్టి అందులో ఒక బంతి పెడితే చాలు, ఆయనే పక్కకి తిరుగుతారు. తల వైపు మంచం కోళ్ల కింద రెండు ఇటుకలు పెట్టండి.

మీ అమ్మ కూర్చుని ఊపిరి లెక్కపెడుతోంది అన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. బొబ్బిలి దగ్గర మా ఊళ్లో, మా నాయనమ్మ చేతికర్ర పక్కలో పెట్టుకుని పడుకునేది. తాత గురక ఆగగానే ఆ కర్రతో మెల్లగా పొడిచేది. "ఊపిరి మర్చిపోతాడర్రా మీ తాత" అనేది. మాకది ఆటలా ఉండేది. ఒక తెల్లవారుజామున ఆవిడకి నిద్ర పట్టేసింది. తాత లేవలేదు. గుండె అన్నారు. అప్పట్లో దీనికి పేరుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో పేరు తెలుసు, మిషన్ ఉంది. మీ అమ్మని పడుకోమను. ఆవిడ వయసుకి రాత్రి మెలకువ ఇంకో జబ్బు తెచ్చిపెడుతుంది. మాస్క్ పెట్టుకున్న మొదటి రాత్రి మాత్రం ఆవిడని ఒక పావుగంట పక్కన కూర్చుని వినమను. గురక ఉండదు, ఆగడం ఉండదు, మిషన్ సన్నగా గాలి పోస్తున్న చప్పుడు ఒకటే ఉంటుంది.

చివరగా ఒకటి, నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. క్వారీకి ఆయన బండి మీద వెళ్తున్నారా? పగలు కునికిపాట్లు పడే మనిషి హైవే ఎక్కకూడదు. రెండు మూడు వారాలు వరసగా మాస్క్ పెట్టుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక కూడా కళ్లు మూతపడడం లేదని మీ అమ్మ చెప్పేదాకా బండి తాళాలు నీ దగ్గర ఉంచు. కోప్పడితే డాక్టరు చెప్పాడని నా మీదకి తోసెయ్యి.